ఎడారి గుడారంలో బడి

మొన్న కామారెడ్డిలో మా మనవరాలు ఫోన్‌లో ఏదో యుద్ధం జరుగుతున్న ఊరిని చూపించింది. కూలిన గోడల పక్కన గుడారం, అందులో విదేశీ సంస్థ ఇచ్చిన సంచులు ఒళ్లో పెట్టుకున్న పిల్లలు. ఒకప్పుడు నేనూ అలాంటి గుడారంలో పాఠం చెప్పానంటే నమ్మలేదు.

నిఖా అయిన ఏడాదే, మావారు దర్జీపని చేసే గల్ఫ్ పట్నానికి వెళ్లాను. ఇల్లు కుదుటపడకముందే యుద్ధం వచ్చింది. నన్ను బస్సెక్కించి, అక్కడే పనిచేసే తన తమ్ముణ్ణి తీసుకొస్తానని మావారు వెనక్కి వెళ్లారు. బస్సు సరిహద్దు దాటి ఎడారి శిబిరంలో దించింది. నీళ్ల కోసం వరుస, రొట్టె కోసం వరుస, ఆపైన ఎటు చూసినా ఇసుక. పట్టపగలే కలలో నడుస్తున్నట్టుండేది. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఉత్తరం అందితేగానీ మనిషి బతికున్నట్టు తెలిసేది కాదు.

నాలుగైదు దేశాలవాళ్లు కలిసి నడిపే సంస్థ ఒకటి అక్కడ బడి పెట్టి, చదువొచ్చిన ఆడవాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. ఎల్లారెడ్డిలో పదో తరగతి చదివాను, తెలుగూ ఉర్దూ తప్ప ఏమీ రావంటే, అవే కావాలన్నారు. పత్రిక మూతపడి మాతోపాటు వచ్చిన ఒక ముసలి విలేఖరికి కూడా ఆ సంస్థే కాగితాలు, నకళ్లు తీసే యంత్రం ఇచ్చింది. ఎవరు ఎక్కడున్నారో, ఎవరు ఎవరిని వెతుకుతున్నారో ఆ పెద్దాయన ఒక్క పేజీలో వేసి అన్ని శిబిరాలకూ పంపేవారు. తెలుగు భాగం నా చేత రాయించేవారు. అందరి పేర్లూ రాశాను. జవాబు రాకపోతే ఏమైపోతానోనన్న భయంతో మావారి పేరు మాత్రం రాయలేకపోయాను.

ఒకరోజు ఆ పేజీ పట్టుకుని మావారే గుడారం ముందు నిలబడ్డారు.

"‘ళ’ గిట్ల వంకర తిప్పేది నువ్వొక్కదానివే. తమ్ముడు సుత వచ్చిండు," అన్నారు. పిల్లలముందే ఏడ్చేశాను.

మర్నాడే మాకు విమానమన్నారు. ఆ సాయంత్రం, ఇంట్లో మరాఠీ మాట్లాడుతూ నా దగ్గర తెలుగు దిద్దుకునే పిల్ల, మా వైపే మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్‌ది, నా కొంగు పట్టుకుని, "టీచరమ్మా, రేపు బడి ఉంటదా?" అని అడిగింది.

"ఉంటది బిడ్డా," అన్నాను.

అప్పట్లో కామారెడ్డి నుంచి మద్నూర్ వెళ్లాలంటే బస్సులు మారుతూ పూటంతా పట్టేది. ఇప్పుడు పొద్దున బయలుదేరితే పగటి అన్నానికి ఇంటికి రావచ్చు. ఆ పిల్లకూ తల నెరిసి ఉంటుంది. ఏ ఇల్లో కనుక్కోవడం కష్టమేమీ కాదు, అయినా వెళ్లలేదు. నా మాట ఆమెకు గుర్తుండి ఉంటుందేమోనని జంకు.