ముప్ఫై ఏడు సొట్టల కారు

కళ్ళద్దాల షాపాయనకి భూతద్దం అని ఎవరు పేరు పెట్టారో తెలియదు కానీ అచ్చంగా అతికిపోయింది. ముఖం మీద ఎవరూ పిలవరు, ఆయన వెనక్కి తిరిగాక పిలుస్తారు. అదీ ఆయనకి వినిపిస్తుంది. కంటికి ఎంత పదునో చెవికీ అంతే పదును.

పగలంతా ఆయన పని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం, మసకబారిన లోకాన్ని నలుగురికీ తేటపరిచి పంపడం. అలా పంచగా మిగిలిన చూపంతా ఆయన దగ్గరే పోగుపడిందేమో, గోడ మీద క్యాలెండరు వెంట్రుకవాసి వంకరగా ఉన్నా ఆయనకి ముద్ద దిగదు.

ఒకప్పుడు కాలు విరిగి మంచం మీదున్న రోజుల్లో బావమరిది ఒక పెట్టె తెచ్చిచ్చాడు. లోపల ప్లాస్టిక్ చట్రాలకి ఆకుల్లా అంటిపెట్టుకున్న చిన్న చిన్న ముక్కలు. తలుపులు, చక్రాలు, గోరంత అద్దాలు. విడదీసి, అతికించి, రంగు వేస్తే జానెడు కారు తయారవుతుంది, అసలు కారులో ఇరవై నాలుగో వంతు. కాలు అతుక్కునేలోగా కారు అతుక్కుంటుందని బావమరిది ఆశ. ఆయన ముందుగా సూచనల కాగితం చదివాడు. అందులో పద్నాలుగో ముక్కకీ నలభై ఒకటో ముక్కకీ అంకెలు తారుమారయ్యాయని పట్టుకుని కంపెనీకి ఉత్తరం రాశాడు. కంపెనీ క్షమాపణ చెప్పి ఇంకో కిట్ పంపింది. అందులోనూ అదే కాగితం. ఆ రోజుతో ఆయన బతుక్కి ఒక దారి దొరికింది.

ఆనాటి నుంచి ఆయన మొదలుపెట్టిన కార్లు ఇరవై ఆరు. పూర్తయినవి సున్నా. ఒకదానికి తలుపు పిడి లేదు, ఎందుకంటే కిట్‌లో వచ్చిన పిడి అసలుదానికంటే లావు. ఇంకొకదానికి రంగు లేదు, ఎందుకంటే ఈ నీలం ఆ నీలం కాదు. అన్నీ హాల్లో అద్దాల బీరువాలో వరసగా, తెల్లవారుజాము పొగమంచులో ఆగిపోయిన వాహనాల్లా నిలబడి ఉంటాయి. ఆయన భార్య ఆ బీరువాని ఆస్పత్రి అంటుంది. "ఆస్పత్రి తాళం ఎక్కడ పెట్టారు? దుమ్ము దులపాలి" అంటుంది. "వద్దు, నువ్వు దులిపితే అద్దాలు ఊడతాయి" అంటాడు ఆయన. "ఊడటానికి ముందు అతికించి ఉండాలి కదండీ" అంటుంది ఆవిడ.

ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. స్కూలంటే ఆవిడా, ఒక పాత తెల్ల కారూ. ఆయనకి డ్రైవింగ్ రాదు. ఇద్దరూ కార్లతోనే బతుకుతారు గానీ, ఒకరి కారు కదలదు, ఇంకొకరిది కుదురుగా ఉండదు.

నెలకో ఆదివారం టైర్ల షాపు మీది గదిలో నమూనా కార్లు కట్టేవాళ్ళందరూ చేరతారు. గదంతా కొత్త రబ్బరు వాసన. అక్కడ కిటికీ పక్కన చేతుల కుర్చీ ఒకటుంది. అది తప్పులెన్నేవాడి కుర్చీ. పదకొండేళ్ళుగా అందులో భూతద్దమే కూర్చుంటున్నాడు. అక్కడి పద్ధతులు కూడా ఆయన పెట్టినవే. ఒకటి, కారు బల్ల మీద పెట్టాక కట్టినవాడు పక్కన ముక్కాలిపీట మీద పది నిమిషాలు నోరు విప్పకుండా కూర్చోవాలి, మిగతావాళ్ళు తప్పులు చెప్పాలి. రెండు, నమూనా అసలు కారుతో ఆ రోజుకి అచ్చుగుద్దినట్టు సరిపోవాలి, లేకపోతే రిజిస్టరులో ఆయన ఎర్ర సిరాతో "పూర్తి కాలేదు" అని రాస్తాడు. ఆ రెండు మాటలకి పెద్దపెద్దవాళ్ళు చెమటలు పట్టి ఇంటికి పోయారు. ఒక పళ్ళ డాక్టరు కారు కట్టడం మానేసి చేపలు పెంచుకోవడం మొదలెట్టాడు.

రెండేళ్ళ కిందట బేకరీ ఆయన ఒక టాక్సీ కట్టి తెచ్చాడు. అసలు టాక్సీ ముందు బంపరు అంతకు ముందు వారమే మార్చారట. ఆ సంగతి బేకరీ ఆయనకి తెలియదు, భూతద్దానికి తెలుసు. ఎర్ర సిరా పడింది. ఆ తర్వాత రెండేళ్ళూ బేకరీ ఆయన ఎక్కడ కనబడినా చాలా మర్యాదగా "గురువుగారూ" అని పిలుస్తున్నాడు. ఆ పిలుపులో ఉన్న కారం ఆయన బన్నుల్లో ఎప్పుడూ లేదు.

ఈ ఏడాది మొదట్లో ఆ బేకరీ ఆయనే లేచి ఒక మాట ప్రతిపాదించాడు.

"మనందరి తప్పులూ ఎన్నే మనిషి ఒక్క కారైనా పూర్తి చేసి చూపించాలండీ. వార్షిక సమావేశం నాటికి. లేదంటే కుర్చీ దిగాలి."

గదిలో చేతులన్నీ లేచాయి. లేవనిది భూతద్దం చెయ్యి ఒక్కటే. అది కూడా చెమట తుడుచుకోవడానికి లేచేసరికి, అధ్యక్షురాలు, పూర్వం లెక్కల టీచరు, దాన్నీ కలిపేసి "ఏకగ్రీవం" అని రాసేసింది.

ఆయన ఇంటికొచ్చి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కింద భార్య తెల్ల కారు ఎండలో, అలిసిపోయిన ఆవులా నిలబడి ఉంది. అప్పుడు తట్టింది. ఈ కారుని తనకంటే బాగా ఎవరూ ఎరగరు. అసలుది కిటికీ కిందే ఉంది. ఎవడు తప్పు పడతాడో చూద్దాం.

కిట్ తెప్పించాడు. తర్వాత టేపు పట్టుకుని కిందికి దిగి సొట్టలు లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి.

ప్లాస్టిక్‌లో సొట్ట చెయ్యడం మాటలు కాదు. ముందు లోపలివైపు ఉప్పుకాగితంతో ఉల్లిపొరంత పలచగా రుద్దాలి. తర్వాత చెంచా వేడిచేసి దాని వీపుతో ఊపిరి బిగబట్టి అదమాలి. మధ్యాహ్నం షాపుకి ఎవరూ రాని వేళ ఆయన అదే పని. ఇంట్లో చెంచాలన్నీ నల్లబడ్డాయి. ఆవిడ టీలో చక్కెర స్క్రూడ్రైవరుతో కలుపుకోవడం మొదలెట్టింది, కావాలనే, ఆయనకి కనబడేలా.

అసలు చిక్కు వేరే ఉంది. ఆయన చిన్న కారుకి ఒక సొట్ట పెట్టేలోగా పెద్ద కారుకి ఇంకొకటి పడేది.

"ఇవాళ ఎవరు?" అని గుమ్మంలోనే అడిగేవాడు.

"కొత్తగా చేరిన వంటమనిషి. రివర్సులో వస్తూ పూలకుండీని పలకరించాడు."

"ఎక్కడ? ఎంత లోతు?"

"నాకేం దెబ్బ తగల్లేదు లెండి, అడిగినందుకు సంతోషం."

ఆయన అప్పటికే టేపు పట్టుకుని మెట్లు దిగిపోయేవాడు. ముప్ఫై రెండు. ముప్ఫై మూడు కవల అక్కచెల్లెళ్ళది, ఇద్దరిలో ఎవరి పనో చెప్పరు. ముప్ఫై ఆరు దగ్గర ఆయన ఓపిక అయిపోయింది.

"ఇదిగో, ఒక్క నెల కొత్తవాళ్ళని చేర్చుకోకు."

"మీ బొమ్మ కోసం నా స్కూలు మూసుకోవాలా?"

"బొమ్మ కాదు, నమూనా."

"ఏదో ఒకటి. దానికంటే కొంచెం పెద్ద నమూనా కింద ఉంది, దాంతో ఇల్లు గడుస్తోంది."

చివరికి ముప్ఫై ఏడో సొట్ట పడ్డాక ఆవిడే జాలిపడింది. సమావేశానికి ముందు వారం రోజులు, పరీక్ష పాసై చెయ్యి కుదురుకోవడానికి వచ్చేవాళ్ళని మాత్రమే ఎక్కించుకుంది. ఆ వారం కారు మీద ఒక్క గీత పడలేదు. శనివారం సాయంత్రం ఆయన ఆఖరి సొట్టకి రంగు సరిచేసి, చిన్న కారుని కిటికీలో పెట్టి, కిందికి చూశాడు, మళ్ళీ దీన్ని చూశాడు. రెంటి మీదా ఒకే వెలుగు, ఒకే అలసట. జీవితంలో మొదటిసారి ఆయన కళ్ళకి చెయ్యడానికి పని దొరకలేదు.

ఆదివారం ఆవిడే తీసుకెళ్ళింది. ఆయన పక్క సీట్లో పెట్టెని పసిబిడ్డలా రెండు చేతులా పొదువుకుని కూర్చున్నాడు. స్కూలు కారు కాబట్టి ఆ సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది.

"కాళ్ళు ముడుచుకోండి. దాన్ని తొక్కారంటే ఇద్దరం అద్దంలోంచి బయటికి పోతాం."

ఆయన దారంతా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. టైర్ల షాపు ముందు కారు ఆగేసరికి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చేతుల్లో పెట్టె ఉంది, దాన్ని ఒక్క క్షణం కూడా కింద పెట్టలేడు. మోచేత్తో గొళ్ళెం తీసి, తిమ్మిరెక్కిన కాలితో తలుపుని ఒక్క తన్ను తన్నాడు.

పక్కనే సిమెంటు స్తంభం.

టక్ మంది.

ఇద్దరూ దిగి చూశారు. తలుపు అంచు అరచేయంత మేర లోపలికి ముడుచుకుపోయింది. ముప్ఫై ఎనిమిది.

ఆవిడ వంగి ఆ ముడతని వేలితో తడిమింది. తర్వాత మెల్లగా అంది, "తొమ్మిదొందల మందికి నేర్పాను. తలుపు తీయడం నేర్పాలని మాత్రం తోచలేదు."

పైన గది నిండిపోయి ఉంది. ఆయన కారుని బల్ల మీద పెట్టి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. టీచరమ్మ గడియారం చూసుకుని "కానివ్వండి" అంది. బేకరీ ఆయన టార్చి తీసుకుని అసలు కారు చూడ్డానికి కిందికి వెళ్ళాడు. ఆ అడుగులు దిగుతుంటే భూతద్దం ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకున్నాడు. చెప్పేద్దామా? పది నిమిషాలు నోరు విప్పకూడదు. ఆ పద్ధతి పెట్టినవాడు తనే.

మిగతావాళ్ళు చుట్టూ మూగారు. "ఇన్ని సొట్టలా! మరీ అతి చేశాడు" అన్నాడు ఒకాయన. "ఇదేంటి, ఇంత ఎత్తులో? ఇక్కడ సొట్ట ఎలా పడుతుంది?" అంది టీచరమ్మ.

వెనక బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య ఉండబట్టలేక లేచింది. ఆవిడ కారు కట్టలేదు, కాబట్టి మౌనం ఆవిడకి వర్తించదు. చిన్న కారుని ఆవిడ అంత దగ్గరగా చూడటం అదే మొదలు. శనివారం దాకా దాన్ని ఆయన గుడ్డ కప్పి దాచాడు.

"అది పొడుగాటి పంతులు గారిదండీ. దిగి, విసుగొచ్చి, తలతో కొట్టాడు" అంది. అందరూ నవ్వారు. ఆవిడ వంగింది. "ఇది వంటమనిషిది. ఇది కవలలది. ఇది లాయరు గారిది, స్తంభం అడ్డొచ్చిందని స్తంభం మీదే కేసు వేస్తానన్నాడు." వేలు పెట్రోలు మూత దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ గోరంత గుంట, దాని చుట్టూ సన్నటి పగులు. "ఇది నర్సుది. మూడు నెలలు ఏడుస్తూ నేర్చుకుంది. ఇప్పుడు అంబులెన్సు నడుపుతోంది." ఇరవై ఏళ్ళ తన పని మొత్తం జానెడు మేర తెల్లగా బల్ల మీద ఉంది, ఒక్కటి కూడా పోలేదు. ఇంటికొచ్చి చెబుతుంటే ఈ మనిషి సొట్ట లోతు ఒక్కటే అడుగుతున్నాడని ఇన్నాళ్ళూ అనుకుంది.

బేకరీ ఆయన మెట్లెక్కి వచ్చాడు. ముఖం పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలా వెలిగిపోతోంది.

"గురువుగారూ, ఎడమ తలుపు అంచు. కింద ఉంది, ఇక్కడ లేదు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. "అదెవరిదమ్మా?" అంది టీచరమ్మ.

"ఆయనదే" అంది ఆవిడ. "అరగంట కూడా కాలేదు."

గది గొల్లుమంది. పది నిమిషాలూ అయ్యాయి. టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ, "పక్క గదిలో స్టవ్వుంది, చెంచా ఉంది. కావాలంటే సొట్ట పెట్టుకు రండి, ఆగుతాం" అంది.

ఆయన లేచి కారుని చేతిలోకి తీసుకున్నాడు. కుర్చీ మూడడుగుల దూరంలో ఉంది. తలుపు అంచు పలచన చెయ్యాలంటే రంగు పగులుతుంది. రంగు పగిలితే తలుపంతా మళ్ళీ వెయ్యాలి. తలుపు మారితే పక్కనున్న తెలుపు ఈ తెలుపు కాదు. ఆయన కళ్ళ ముందు ఇరవై ఏడో కారు అద్దాల బీరువాలోకి నడిచి వెళ్ళిపోతున్నట్టు కనిపించింది.

"ఏవండీ, ఇంక చాలు" అంది ఆవిడ. "ముట్టుకోకండి."

ఆయన కారుని మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఇది నేను దిగకముందు కారు" అన్నాడు. "పది గంటల ఇరవై నిమిషాల దాకా ఇది ఇలాగే ఉంది. పూర్తయింది."

"అహా!" అన్నాడు బేకరీ ఆయన. రెండేళ్ళుగా దాచుకున్న అహా అది. "మరి నా టాక్సీ? బంపరు మార్చకముందు టాక్సీ కాదూ అది? ఆ రోజు మీరేమన్నారో గుర్తుందా? 'వంకలు బల్ల మీద పెట్టకండి, కారు పెట్టండి' అన్నారు. నేను ఇంటికెళ్ళి ఆ పూట బ్రెడ్డు మాడ్చేశాను గురువుగారూ."

కిందనుంచి ఎవరో టైరులో గాలి కొడుతున్న చప్పుడు. ఇన్నేళ్ళలో ఆయన నోటివెంట ఎవరూ వినని మాట ఒకటి ఉంది.

"మీ టాక్సీ కూడా పూర్తయిందే" అన్నాడు. "తప్పు నాది."

బేకరీ ఆయన పోట్లాటకి సిద్ధమై వచ్చాడు. ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత ఎవరు ఆగుతారు? "అయితే నా జీపు సంగతేంటి?" "నా వ్యాను?" అంటూ ఒక్కొక్కరూ లేచారు. ఆయన చేతుల కుర్చీ వైపు వెళ్ళలేదు. బల్ల దగ్గరే నిలబడి రిజిస్టరు తెరిచి, పదకొండేళ్ళ ఎర్ర సిరా మీద ఒక్కో గీత గీసుకుంటూ పోయాడు. కుర్చీ సంగతి అందరూ మర్చిపోయారు. కాసేపటికి కాళ్ళు నొప్పెట్టి ఆయన భార్య అందులో కూర్చుంది.

టాక్సీ పేజీ వచ్చింది. "పూర్తి కాలేదు" కొట్టేశాడు. పక్కనే రూళ్ళకర్ర పెట్టి, తేదీ వేసి, "పూర్తయింది" అని రాశాడు. బేకరీ ఆయన భుజం మీంచి వంగి చూస్తున్నాడు.

"కింద ఇంకో లైను ఉందండీ. 'ముందు ఎడమ చక్రం బయటికి చూస్తోంది' అని. అదీ కొట్టెయ్యండి."

ఆయన కలం ఎత్తాడు. ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అది కొట్టెయ్యను. చక్రం వంకరే."

"రెండేళ్ళయింది సార్!"

"రెండేళ్ళూ వంకరగానే ఉంది. రేపు బేకరీకి వస్తాను, టాక్సీని షోకేసులోంచి తీసి ఉంచండి."