హులిగమ్మ రాయని వాక్యం

ఇందిరాబాయి పెద్ద చదువులు చదవలేదు. పదమూడో ఏట పెళ్ళయింది. భర్త గురురాజ ఎమ్మిగనూరు బడిలో ఇంగ్లీషు మాస్టరు. సెలవులొస్తే చాలు మంత్రాలయం వెళ్ళిపోయి, బొంబాయి నుంచీ మద్రాసు నుంచీ వచ్చే యాత్రికులకు అక్కడి సంగతులన్నీ ఇంగ్లీషులో వివరించేవాడు. భక్తి, పాపం, ప్రాయశ్చిత్తం, అంతరాత్మ... వీటిని పరాయి భాషలో చెప్పాలంటే బజారు ఇంగ్లీషు సరిపోదు. అందుకని దొరికిన మాటనల్లా ఒక లావుపాటి నోటుబుక్కులో రాసుకున్నాడు. రాసుకున్నవాడు ఊరుకోకుండా ఇంటికొచ్చి భార్యకు అప్పజెప్పేవాడు. ఆవిడ పిండి రుబ్బుతూ, "పైటీ అంటే దేవుడి మీద భక్తి, రెవరెన్స్ అంటే మనసులో వంగి ఉండడం" అని వల్లె వేసేది. అలా పదేళ్ళు గడిచాయి. ఆయన గుండెపోటుతో పోయాక ఆవిడకు మిగిలిన ఆస్తి ఆ నోటుబుక్కు, అందులోని ఆరువందల మాటలు.

ఆదోనిలో మరిది సేతుమాధవరావు ఇంటికి చేరింది. ఆయన ఒక మఠంలో పూజ చేసేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన మడి ముందు గాలి కూడా అడిగి లోపలికి రావాల్సిందే. వదినగారూ తక్కువ తినలేదు. తెల్లవారుతూనే స్నానం, మడిచీర, వంట, నైవేద్యం. మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఎవరినీ తాకదు. బయటివాళ్ళు ఏదైనా ఇస్తే గడప మీద పెట్టించి, నీళ్ళు చిలకరించి తీసుకుంటుంది.

సాయంత్రం మడి విడిచాక పేటలోని పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. ఆవిడ పద్ధతి ఒకటే. మాట నేర్చుకుంటే ఆ మాటతో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యంలో తాము కళ్ళారా చూసిన మనిషి ఉండాలి. "పుస్తకంలో వాక్యం పుస్తకంలోనే పడి ఉండనీ. నువ్వు చూసిన మనిషిని చెప్పు" అనేది. ఇంగ్లీషు అంటే జ్వరం తెచ్చుకునే పిల్లలు కూడా ఆవిడ దగ్గర గట్టెక్కేవారు. ఆ పేరు ఊళ్ళో బాగా పాకింది.

అది విని 1979 జూన్‌లో హులిగమ్మ వచ్చింది. కోసిగి దగ్గర పల్లె. తండ్రి భీమప్పకు రెండెకరాల మెట్ట ఉంది, వాన ఉంటేనే అది పొలం. హులిగమ్మ ఇంటర్‌లో అన్నీ పాసై ఒక్క ఇంగ్లీషు తప్పింది. సెప్టెంబరులో మళ్ళీ రాసి పాసైతే టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తప్పితే మాత్రం, పండుగలయ్యాక ఇంటికి తాళం వేసి పత్తి ఏరడానికి పోయే లారీలో ఆమె కూడా ఎక్కాలి. భీమప్ప కఠినుడు కాడు. "ఇంగొకసారి సూస్తా తల్లీ. ఈసారి తప్పితే నా సేత గాదు, నాతో పత్తికి వచ్చేయ్" అని కళ్ళొత్తుకుంటూనే చెప్పాడు.

హులిగమ్మ ఆదోనిలో అత్త ఉచ్చీరమ్మ దగ్గర ఉంటూ, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆమెతోపాటు వేరుశెనగ మిల్లులో పనిచేసేది. కాబట్టి పాఠానికి వీలయ్యేది పొద్దున పూటే. పొద్దునంటే ఇందిరాబాయికి మడి వేళ. అయినా కాదనలేదు. హులిగమ్మ అరుగు మీద, ఆవిడ గడప లోపల. మాటలు మాత్రం మధ్యలో తిరిగేవి.

మొదటి రోజు హులిగమ్మ నోటుబుక్కు గడప మీద పెట్టింది. ఇందిరాబాయి అలవాటుగా నీళ్ళు చిలకరించింది. సిరా అలుక్కుపోయి రాత్రంతా కూర్చుని రాసిన వాక్యాలు నీలిమరకలైపోయాయి. "అయ్యో" అని, కనబడినంత చదివి దిద్దింది. మర్నాటి నుంచి పిల్ల పెన్సిలుతో రాసుకొచ్చింది. తెలివైనది అనుకుంది ఇందిరాబాయి. అంతకు మించి ఏమీ అనుకోలేదు, అదే ఆవిడ చేసిన తప్పు.

వాక్యాలు మాత్రం ముచ్చటగా ఉండేవి. పైటీకి, మా చిన్నాన్న నాగప్ప బస్సుకు డబ్బులుండి కూడా శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడికి నడిచే పోతాడని రాసింది. కాన్షన్స్, అంటే అంతరాత్మ, అన్న మాటకు, మా అత్త మిల్లులో గుప్పెడు గింజలు కూడా కొంగున కట్టుకోదు, ఎవరూ చూడకపోయినా తనను తాను చూసుకుంటుంది కదా అని రాసింది. ఆ వాక్యం చదివి ఇందిరాబాయికి కళ్ళు చెమర్చాయి. తన భర్త ఉంటే ఎంత సంబరపడేవాడో అనిపించింది.

ఆగస్టులో హిపోక్రసీ అన్న మాట వచ్చింది. లోపలొకటి, బయటొకటిగా బతకడం. హులిగమ్మ ఆ మాట ఎదుట ఖాళీ వదిలేసింది. రెండో రోజూ ఖాళీయే. మూడో రోజూ అంతే. ఇందిరాబాయికి చిర్రెత్తింది.

"ఏమే, లోకంలో అట్లాంటి మనిషి ఒక్కరూ నీ కంట పడలేదా? అదృష్టవంతురాలివే! పరీక్షలో కూడా ఇట్లాగే ఖాళీ పెడతావా?"

హులిగమ్మ తల వంచుకుంది. అలాగే చెప్పింది.

"అమ్మా, పొద్దున పేపరు వస్తాది కదా. దాన్ని సేత్తోనే తీసుకుంటారు. పేపరు మీద నీళ్ళు సల్లరు."

ఇందిరాబాయికి వెంటనే అర్థం కాలేదు. "తడిస్తే చదివేదెట్లా?" అంది.

అన్నాక, తన మాటే తనకు వినబడింది. గడప మీద పెన్సిలు రాతల నోటుబుక్కు పడి ఉంది.

"ఇది నీ ఒక్కదానికే కాదే. మడిలో మా మరిదిని కూడా తాకను" అంది.

"తెలుసమ్మా. అందుకే రాయలేదు. ఆ మాట మీకు అతకదు, మీరు మంచోళ్ళు. దుడ్లు తీసుకోకుండా సెప్తాండారు. నాకు ఏరే మాట కావాల. మంచోళ్ళే తెలీకుండా మనసు నొప్పిస్తే, దానికి ఇంగ్లీషులో ఏమంటారు?"

ఆరువందల మాటల్లో ఆ మాట లేదు. పాపానికి ఏడు మాటలున్నాయి, పవిత్రతకు తొమ్మిదున్నాయి. పిల్ల అడిగిన మాట గురురాజకు దొరకలేదో, దాని అవసరమే రాలేదో! ఇందిరాబాయికి సిగ్గేసింది. ఇన్నేళ్ళు వల్లె వేసిన మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి, చేతుల్లోకి దిగలేదని మనసు పొడిచింది.

మర్నాటి నుంచి పాఠం ఆరు గంటలకే మారింది. పాఠం ముందు, స్నానం తర్వాత. నోటుబుక్కు చేతిలోంచి చేతిలోకే అందుకుంది. హులిగమ్మ మళ్ళీ పెన్ను పట్టింది. ఇదీ సర్దుబాటే, పిల్ల వెళ్ళాకే కదా స్నానం! ఆ సంగతి ఇందిరాబాయికి తెలుసు. తెలిసీ ముందుకు పోలేకపోయింది. మరిది నీడలో బతుకు, ఇది పోతే వేరే నీడ లేదు. ముందు పరీక్ష గట్టెక్కాలి అని తనకు తాను చెప్పుకుంది. సేతుమాధవరావు మాత్రం నైవేద్యం గంట ఆలస్యమవుతోందని రోజూ సణిగేవాడు.

సెప్టెంబరులో పరీక్షలయ్యాయి. దసరా పోయింది, దీపావళి పోయింది. ఫలితాలు రాలేదు. పల్లెలో జనం లారీ మాట్లాడుకున్నారు. భీమప్ప ఒక మూట కట్టుకుని కూతుర్ని తీసుకుపోవడానికి ఆదోని వచ్చాడు. రేపే ప్రయాణం.

ఆ రోజు పదకొండు గంటలకు కాలేజీలో పాసైనవాళ్ళ నంబర్లు, మార్కులు అతికించారు. ఇందిరాబాయి స్నానం చేసి, మడిలో, పొయ్యి మీద అన్నం ఉడికిస్తోంది. వీధిలో పరుగు చప్పుడైంది.

"అమ్మా! పాసయినా! యాభై రెండు వచ్చినాయి!"

హులిగమ్మ అరుగు ఎక్కి, గడప దగ్గర టక్కున ఆగిపోయింది. సంతోషంతో ముందుకు చాచిన రెండు చేతులూ మధ్యలోనే ఆగి, కిందికి దిగిపోయాయి. పిల్ల నవ్వుతూనే ఉంది. ఆ దిగిపోయిన చేతులు చూడలేకపోయింది ఇందిరాబాయి.

గడప దాటింది. మడిచీరతోనే పిల్లను రెండు చేతులా దగ్గరికి లాక్కుని గుండెకు హత్తుకుంది. దారి దుమ్ము, చెమట, కన్నీళ్ళు అన్నీ ఆ చీరకు అంటుకున్నాయి. కూతురి వెనకే వచ్చి వీధిలో నిలబడ్డ భీమప్ప తలపాగా తీసి ముఖం కప్పుకున్నాడు.

"వదినా! మడి!" దేవుడి గదిలోంచి బయటికొస్తూ సేతుమాధవరావు కేక వేశాడు.

"ఉంది సేతూ. యాడికీ పోలేదు."

"మళ్ళీ స్నానం చేసి రా. నైవేద్యం వేళయింది."

"చెయ్యను. ఈ చేతులతోనే అన్నం దించుతా. వద్దంటే ఈ పూట నువ్వే వండుకో. ఇంట్లోంచి పొమ్మంటే పోతా. ఈ పిల్లను ముట్టుకున్నందుకు మాత్రం తలమీద నీళ్ళు పోసుకోను."

ఆయనకు పొయ్యి ముట్టించడం కూడా రాదు. కానీ ఆయన నిలబడిపోయింది అందుకు కాదు. పాతికేళ్ళలో వదిన ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన వదిన ముఖం వంక, పిల్ల వంక, వీధిలో ఏడుస్తున్న మనిషి వంక చూశాడు. తిరిగి దేవుడి గదిలోకి వెళ్ళాడు.

ఇందిరాబాయి అన్నం దించి, గిన్నె తీసుకెళ్ళి దేవుడి గది ముందు పెట్టింది. మూట సర్దుకుని పోవడమా, విస్తళ్ళు వేయడమా అన్నది లోపల ఉన్న మనిషి చేతిలో ఉంది.

"రేపు లారీకి ఒక మనిషి తక్కువ" అంటున్నాడు బయట భీమప్ప, ఎవరితోనో కాదు, తనతో తానే.

లోపల గంట మోగింది. ఆ చేతి వంటే నైవేద్యం అయింది.