లతీఫ్ కంటికి కనపడే గీత

లతీఫ్‌కు లోకంలోని ప్రతి వస్తువు మీదా ఒక గీత కనపడుతుంది. కొత్త స్టీలు గిన్నె చేతికిచ్చినా తిప్పి తిప్పి చూసి, "గీత ఉన్నది" అంటాడు. గంగారంలో మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. బాగైన మోటారునైనా తనకు నచ్చకపోతే మళ్లీ విప్పుతాడు. ఎండుతున్న పొలాలను తలుచుకుంటూ రైతులు దుకాణం ముందు పడిగాపులు కాస్తారు.

"పెండ్లిచూపులప్పుడు నా మొఖం మీద గీత కనవడలేదా?" అని అడిగింది ఒకసారి ఆయన భార్య మున్నవర్ బేగం.

"కనవడ్డది. జర రుద్దితె పోతదనుకున్న."

ఆ పూట ఆయన హోటల్లో తిన్నాడు.

అలాంటి మనిషి దగ్గరికి సులోచన టీచర్ ముఖం వేలాడేసుకుని వచ్చింది. అడవి పక్క గూడెంలో ఆమె ఒక్కతే నడిపే బడి. పత్తి ఏరే కాలం రాగానే పదిహేడుగురిలో నలుగురే మిగిలారు. అధికారులు లెక్క చూడడానికి వచ్చిన రోజు పదిమంది లేకపోతే బడి మూతే. ఇంకో బడి వాగు అవతల, తొమ్మిది కిలోమీటర్లు. ఎక్కడెక్కడి దేశాల్లోనో చుక్కలు చూపించి పిల్లలను బడికి రప్పిస్తున్నారని ఆమె ఫోన్‌లో చదివింది. లతీఫ్ తనంతట తాను నేర్చుకుని దుర్భిణి చేశాడని విన్నది.

"అన్నా, ఒక్కరోజు తెచ్చి చందమామను చూపియ్యరాదే?"

"చూపియ్య. చేసుకొమ్మను."

మర్నాడే రెండు గాజు బిళ్లలు, రుద్దే పొడి, ఒక నూనె డ్రమ్ము తెచ్చి బడిలో దించాడు. పిల్లలు డ్రమ్ము చుట్టూ తిరుగుతూ, పొడి మీద నీళ్లు చల్లుకుంటూ ఒక బిళ్ల మీద ఇంకోటి రుద్దాలి. రుద్దగా రుద్దగా పై బిళ్ల సన్నగా గుంటపడి, చుక్కల వెలుగును పట్టే అద్దమవుతుంది.

"రుద్దినోళ్లకే చూపు. ఒక్కరోజు రాకున్నా వంతు పోతది," అన్నాడు.

నలుగురు ఏడుగురయ్యారు, ఏడుగురు పద్నాలుగు మందయ్యారు. చిలుకమ్మ అనే పిల్ల తండ్రి ఐలేశ్ చేనులోంచి ఉరికొచ్చాడు. "పత్తి నేల రాలుతాంది! నీ గాజు అరిగితె మాకేమస్తది?"

"ఓ చెయ్యెయ్యి," అన్నాడు లతీఫ్.

ఐలేశ్ అరగంట రుద్ది, "రేపు పిల్లను పొద్దుగాల్నే తోల్త," అని గొణుక్కుంటూ వెళ్లాడు.

అయితే వారాలు గడిచినా, రోజూ వచ్చి అద్దం చూసే లతీఫ్ మాట ఒక్కటే: "గీత ఉన్నది." పిల్లల ముఖాలు వాడిపోయాయి. విసిగిపోయి మళ్లీ చేలల్లోకి పోతారేమోనని సులోచనకు అన్నం సయించలేదు.

ఒక శుక్రవారం లతీఫ్ నమాజుకు వెళ్లాడు. పిల్లలు అన్నాలకు కూర్చున్నారు. సులోచన కిటికీలు మూసి, గీతలు పట్టడానికి అతను రోజూ చేసే పరీక్షలాగే టార్చి వెలుగులో బ్లేడు అంచు అడ్డం పెట్టింది. అద్దం మీద నీడ ఒక్కసారిగా, సమంగా కమ్ముకుంది. మచ్చ లేదు, గీత లేదు.

లతీఫ్ రాగానే నిలదీసింది. "అన్నా, గిది ఎప్పుడో అయిపోయింది!"

"పది రోజులాయె."

"ఇంక రుద్దితె చెడిపోదా?"

"చెడిపోతది." అద్దం వైపు చూడలేక తల తిప్పుకున్నాడు. "నా చేత ఇంత మంచిగ ఎన్నడు కాలె." తనే అడిగాడు: "చేన్ల పత్తి ఇంకెన్ని రోజులు?"

"రెండు వారాలు. లెక్క జూసెటోళ్లు ఇంక రానేలేదు."

"గాజు చెడితె మల్ల జేద్దాం, టీచరమ్మా."

బయట మబ్బు పట్టి ఉంది. తలుపు దగ్గర పద్నాలుగు ముఖాలు.

"అయిందా టీచర్?" అడిగింది చిలుకమ్మ.

సులోచన కొంగు నడుముకు దోపుకుంది. "నీళ్లు తేండ్రి," అన్నది.

పద్నాలుగు మందీ ఒక్కసారిగా మూలిగారు. ఆ వెంటనే బకెట్టు కోసం కొట్లాట మొదలైంది.