సదయ్య కాక పికప్ పంచాయితీ

సదయ్య కాకకు ఇంగ్లీషులో ఒక్క మాట మీదే పట్టు: పికప్. ఆయన లెక్కలో దానికి ఒక్కటే అర్థం, ఇంజిన్ లాగుడు. ఇంకో అర్థం ఉందని ఎవరైనా అంటే ఆయన షేరాటో నడిరోడ్డు మీద ఆగిపోయేది.

బొగ్గుబాయిలో రిటైరైనప్పటి నుంచి ఆయన గోదావరిఖనిలో ఆటో తోలుతున్నాడు. తొమ్మిది గంటల ట్రిప్పులో కూరగాయలమ్మే కనకవ్వ, బడిలో ఆయా అనసూర్య, మూలకు ఒదిగి కూర్చునే రమ ఎక్కేవాళ్లు. రమ పదో తరగతితో బడి మానేసి కుట్టుపని నేర్చుకుంటోంది. తన స్టాపు వచ్చినా "ఆపు" అనడానికి సిగ్గుపడి, ఇంకెవరైనా దిగినప్పుడు దిగి వెనక్కి నడిచొచ్చే పిల్ల.

ఒకరోజు కనకవ్వ సంబరంగా, "నా బేరం జర పికప్ అయింది" అన్నది.

బ్రేకు పడింది.

"నీ గంపకు ఇంజినున్నదా?"

"గంపకు ఇంజినేందే!"

"మరి పికప్ ఎట్లయితది? పది చదివిన బిడ్డున్నది గద, ఆమెనే అడుగుదాం. రమా, చెప్పు."

రమ తలూపింది.

"తలూపుడు నాకు కనబడది. నోటితోని చెప్పు."

వెనక బస్సు హారన్ కొడుతోంది. కాక కదలడు. "పుంజుకున్నదని కాకా" అని రమ గొణిగింది. అప్పుడు ఆటో కదిలింది.

ఇక రోజూ ఇదే పంచాయితీ. అనసూర్య కోడలు ఫోన్ పికప్ చేయలేదు. "ఫోన్‌కు ఇంజినా?" బ్రేకు. ఆమె మనవరాలు లెక్కల్లో పికప్ అయింది. "పోరికి ఇంజినా?" బ్రేకు. అల్లుణ్ని స్టేషన్ నుంచి పికప్ చేసుకోవాలంది. "అల్లుడేమన్న ట్రాలీనా, గుంజుకరానీకి?" మళ్లీ బ్రేకు. ప్రతిసారీ తీర్పు రమే చెప్పాలి. రమ చెప్పే ఒక్క మాట కాస్తా నాలుగు మాటలైంది, నాలుగు నలభై అయ్యాయి. చివరికొకనాడు కుట్టు సెంటరుకు ఆలస్యమై ఆ పిల్లకు నిజంగానే కోపమొచ్చింది.

"ఏంది కాకా! నువ్వు బాయిల బొగ్గు తవ్వినవ్, ఇప్పుడు ఆటో తోల్తున్నవ్, ఇంటికి పోయి అన్నం వండుతవ్. గన్ని పన్లు జేసినా నువ్వొక్కనివే గద? మాట గూడ గంతే!"

కనకవ్వ చప్పట్లు కొట్టింది. "నేనొప్పుకోను" అన్నాడు కాక. కానీ బండి తీశాడు.

ఆ నెలలోనే కొత్తగా తెరిచిన రక్తపరీక్షల సెంటరులో ముందు బల్ల దగ్గర ఒక మనిషి కావాలన్నారు. ఆ జీతముంటే ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టవచ్చు. రమ వెళ్లింది. మేనేజరు రాజకుమారి ఆమెను ఏ ప్రశ్నా అడగలేదు. నిండిపోయిన హాలు చూపించి, "పరగడుపున ఉన్నోళ్లనే లోపలికి పంపాలి. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పు" అన్నది.

రమ చెప్పీ చెప్పగానే ముందు వరుసలో ఒక తాత లేచాడు.

"నేనేం తినలే. ఛాయ్ తాగిన. ఛాయ్ తిండెట్లయితది? పండ్లతోని నమిలిన్నా?"

రమకు ఆటోలో కూర్చున్నట్టే అనిపించింది.

"నమిలినవా లేదా అని రక్తం అడుగది తాతా. చక్కెర ఉన్నదా లేదా, గంతే చూస్తది. ఎన్ని చెంచాలేసుకున్నవ్?"

"మూడు."

"మరి నీ రిపోర్టుల ఆ మూడు చెంచాలే కనబడ్తయి. రేపు పొద్దుగాల రా, మొదటి నంబరు నీకే."

హాలంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే ఇడ్లీ తిని వచ్చినవాళ్లు ముగ్గురు మెల్లగా లేచి బయటికి నడిచారు. రాజకుమారి ఆ బల్ల వెనక కుర్చీని రమ వైపు జరిపింది.

మధ్యాహ్నం రమ ఇంటికి బయల్దేరి సదయ్య ఆటోనే ఎక్కింది. నిండా రెండో షిఫ్టుకు బొగ్గుబాయికి పోయే కార్మికులు. కిషన్ అనే ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "మావోడు పికప్ జేస్తలేడు" అన్నాడు. బ్రేకు పడుతుందని రమ కడ్డీ గట్టిగా పట్టుకుంది. పడలేదు. ఆటో హాయిగా పోతూనే ఉంది.

"అన్నా, కాక బండి ఆపలేదేంది?"

"ఎందుకాపుతడు?"

"తొమ్మిదింటికైతే ఆ మాటకు లొల్లి లొల్లి జేస్తడు!"

కిషన్ పగలబడి నవ్వాడు. "ఆ పిల్లవు నువ్వేనా! రోజూ మా బిడ్డకు ఫోన్ జేసి, ఆ మాటకు ఇంకేమేం అర్థాలున్నయని అడుగుతడు. తెల్లారి ఎవరేమనాలెనో కనకవ్వకు, అనసూర్యకు నేర్పిస్తడు. 'పిల్లకు తెలివి మస్తున్నదిరా, గొంతే లేస్తలేదు' అంటడు."

"కాకా!"

ఎదురుగా ఎవరూ లేకపోయినా సదయ్య గట్టిగా హారన్ కొట్టాడు.

"వీని ముచ్చట్లు ఇనకు. పోయిన పనేమైందో చెప్పు."

రమ లేచి నిలబడబోయి, ఆటో టాపుకు తల కొట్టుకుని, అయినా ఆగకుండా అరిచింది: "వచ్చింది! సోమారం నుంచి డ్యూటీ!"

రోడ్డవతల ఛాయ్ తాగుతున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

"జర మెల్లగ బిడ్డా" అన్నాడు సదయ్య. "షిఫ్టయిపోయిన సైరన్ అనుకొని ఫస్టు షిఫ్టోళ్లు బాయిల నుంచి పైకొస్తరు."