అడగడం నేర్పిన వసంత ఆంటీ

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా వసంత ఆంటీ కూతురు నేహా ఫోన్ చేసింది.

"దీదీ, మమ్మీ నహీ రహీ" అంది.

మెడిసిన్ ట్రాలీ పట్టుకుని కారిడార్‌లో అలాగే నిలబడిపోయాను. ఆంటీని హాస్పిటల్ నుంచి సోమవారం డిశ్చార్జ్ చేస్తామన్నారు కదా. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మన వసంత ఆంటీ ఇక లేరు.

ఢిల్లీ పక్కన వైశాలిలో మన తెలుగు చర్చికి వచ్చే నర్సులందరికీ ఆవిడ తెలుసు. తెలియని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను. ఆంటీ ఇంగ్లీష్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధన అయ్యాక టీ మొత్తం ఆవిడ డిపార్ట్‌మెంటే.

ఆ టీకి ఒక రూల్ ఉండేది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయే కెటిల్ పట్టుకోవాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి పంచదార ఎంత, బిస్కెట్లు ఎన్ని అని ఇంగ్లీష్‌లో అడగాలి. అడిగేదాకా ఎవరికీ టీ లేదు. పాస్టర్ గారికి కూడా.

అప్పట్లో నేను నరసాపురం నుంచి వచ్చిన కొత్త. ప్రొబేషన్‌లో ఉన్నాను. పేషెంట్‌తో మాట్లాడని నర్సు మాకెందుకని ఇన్‌చార్జ్ సిస్టర్ ముఖం మీదే అనేసింది. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. ఇంగ్లీష్‌లో తప్పొస్తుందని అసలు నోరే విప్పేదాన్ని కాదు.

ఆ ఆదివారం కెటిల్ నా చేతికొచ్చింది. మొదటి అంకుల్ దగ్గరే "హౌ మెనీ షుగర్" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆంటీ నవ్వలేదు. "మీ అమ్మ ఎప్పుడైనా పంచదార ఎన్ని వెయ్యమంటావే అని అడిగిందా?" అన్నారు.

"లేదాంటీ."

"మరి నీకొచ్చు కదా. ఎంత అనే చోట మచ్, ఎన్ని అనే చోట మెనీ. నీకు తెలియనిదేం లేదు, భయమే కాస్త ఎక్కువుంది. పద, టీ చల్లారిపోతోంది."

అంతే. క్లాసు అయిపోయింది.

మర్నాడు వార్డులో నీళ్ళు ఎంత తాగారు, టాబ్లెట్లు ఎన్ని వేసుకున్నారు అని ఇంగ్లీష్‌లోనే అడిగాను. ఉద్యోగం నిలబడింది. ఇవాళ నేనే ఇన్‌చార్జ్‌ని.

పోయిన వారం ఆంటీని వేరే హాస్పిటల్లో చేర్చారు. జ్వరం తీవ్రమై ఆవిడ నోట ఇంగ్లీష్, హిందీ రెండూ పోయాయి. ఒక్క తెలుగే మిగిలింది. నేహా ఆవిడ ఒక్కగానొక్క కూతురు, ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అంతంతమాత్రం. "మమ్మీ ఏదో అంటూనే ఉంది, సమఝ్ నహీ ఆ రహా దీదీ" అని ఏడుస్తూ నన్ను పిలిచింది.

అక్కడి స్టాఫ్ ఆవిడ కలవరిస్తున్నారనుకున్నారు. కలవరింత కాదు. "డొక్కలో పోటు" అంటున్నారు. పక్కన కూర్చుని తెలుగులోనే అడిగాను, ఎక్కడాంటీ, ఎంతుంది, ఎప్పట్నుంచి అని. ఆవిడ మెల్లగా చెప్పింది చెప్పినట్టు డాక్టర్‌కి ఇంగ్లీష్‌లో చెప్పాను. మందు మార్చారు. సాయంత్రానికి ఆంటీ నిద్రపోయారు. మర్నాటికి జ్వరం తగ్గింది, అందరం హమ్మయ్య అనుకున్నాం.

నిన్న తెల్లవారేసరికి గుండె ఆగిపోయింది.

నిన్న సాయంత్రం వాళ్ళింట్లో నేహా నన్ను పక్కకి పిలిచి హిందీలో అడిగింది. "జ్వరంలో మమ్మీ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంది దీదీ. మీరు విన్నారు కదా. ఏంటది?"

విన్నాను. అంత నొప్పిలోనూ ఆవిడ అడిగింది ఒక్కటే.

"పిల్ల అన్నం తిందా?"

చెప్పాను. నేహా పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పక్కింటావిడ తెచ్చిన పప్పన్నం కలిపి నోట్లో పెట్టాను. ఏడుస్తూనే తింది.

తింది ఆంటీ. పిల్ల అన్నం తింది.

ఇక మీరు నిశ్చింతగా పడుకోండి. ప్రభువు దగ్గర మీకు ఏ నొప్పీ ఉండదు.