అక్క మాదిరి చెప్పిన కథ

నా చిన్నప్పుడు, నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తుండగా, మా అమ్మ చిత్తూరు పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కాయలు తరిగే పనికి చేరింది. అవ్వకు చూపు సరిగా ఆనదు. అందుకని పొద్దున్నే నన్ను పక్కింటి అక్క దగ్గర వదిలి వెళ్లేది.

అక్కకు అప్పటికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. నోరు తెరిస్తే తొలి అక్షరం దగ్గరే మాట చిక్కుకుపోయేది. బళ్లో పిల్లలు నవ్వుతున్నారని చదువు మానేసి, ఇంట్లో విస్తరాకులు కుట్టేది. పెద్దవాళ్ల ముందు పెదవి విప్పేది కాదు. నాతో మాత్రం రోజంతా మాట్లాడేది. ఒక్క చింతకాయ కోసం కోతీ ఉడుతా పోట్లాడుకున్న కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో.

అమ్మకు సెలవు దొరికిన రోజున, నేను బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ కథే చెబుతున్నాను. "చిం... చిం... చింతకాయ నాది అనింది కోతి" అన్నాను. అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి వీపు మీద ఒక్కటి వేసింది.

"ఆ పిల్లకాడ వదిలితే దీనికీ నత్తి అంటుకునింది. రేపట్నించి ఆడికి పోవాకు!"

రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. అక్క వినే ఉంటుంది. మూడు రోజులు వాకిట్లోకి రాలేదు. నేను అన్నం ముట్టలేదు. అమ్మ పని మానుకుని ఇంట్లోనే ఉండిపోయింది.

మా తాతయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరై, పగలంతా తోట కాపలాకు పోతుండేవాడు. నాలుగో రోజు తానే పక్కింటికి వెళ్లి, బతిమాలి అక్కను పిలుచుకొచ్చాడు. అందరి ముందూ ఒక ఎండు చింతకాయ చూపించాడు.

"పాపా, దీన్ని అవ్వ ఏమంటాది?"

"సింతకాయ."

"మీ నాయన?"

"చింతకాయ."

"అక్క?"

అక్క వైపు చూసి, "చిం... చిం... చింతకాయ" అన్నాను. అక్క ముఖం ఎర్రబడింది.

"మరి నువ్వు?"

"చింతకాయ" అన్నాను, తడుముకోకుండా.

"ఆ పొద్దు బొమ్మకు అట్ల చెప్తివే?"

"అది అక్క కత గదా తాతయ్యా. అక్క మాదిరే చెప్పాల."

తాతయ్య కోడలి వైపు తిరిగాడు. "ఇన్నావా అమ్మా. ఎవరి పలుకు ఎవరిదో బిడ్డకు తెలుసు. మనకే తెలీలే."

అమ్మ తల దించుకుంది. అప్పుడు అక్క ఏదో చెప్పబోయింది. "పా... పా..." దగ్గర ఆగిపోయింది. అమ్మ ఆ మాట అందించబోతే తాతయ్య చెయ్యెత్తి వారించాడు. అందరం ఊరికే కూర్చున్నాం. చాలాసేపే పట్టింది.

"పాపను రేపు పంపించు అత్తా" అని అక్క మొత్తం చెప్పింది.

మర్నాడు అమ్మే నన్ను ఎత్తుకుని వెళ్లింది. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతున్నా, కాసేపు అక్క పక్కన కూర్చుని ఆకులు అందించింది.

తర్వాత నేను చాలా ఏళ్లు పసిపిల్లల బడిలో పనిచేశాను. ఒకే మాటను నలుగురు నాలుగు తీర్లుగా పలికినా బిడ్డలు దాన్ని పట్టుకోవడం రోజూ చూశాను. అది నాకు వింతగా తోచలేదు. ఇప్పుడు అరవై దాటాయి. ఎవరైనా మాట కోసం వెతుక్కుంటూ ఆగిపోతే, ఆ మాట నాకు ముందే తెలిసినా అందించను. వాళ్ల ముఖం చూస్తూ కూర్చుంటాను.