ఎర్ర డబ్బాలో ఉండిపోయిన పెళ్లి బంతి

మొన్న ఉగాది వెళ్లిన వారంలో మా అక్క ఫోను చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, తన పెద్దపాప పెళ్లి డిస్కు ఎక్కడుందని అడిగింది. జమ్మలమడుగులో ఉంటున్న ఆమె మరిదికి ఒంట్లో బాగాలేదట, మంచం దిగడం లేదట. చూడ్డానికి వెళ్లిన వదినను పట్టుకుని, అన్నా తానూ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుని భోంచేసిన వీడియో ఒక్కసారి చూపించమని అడిగాడట. "నువ్వే గదరా తీసింది, యాడ పెట్టినావో ఎతుకు" అని పెట్టేసింది. నేను వెతకాల్సిన పనిలేదు. ఆ డిస్కు మా ఇంటి అటక మీద ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలో ఉందని నాకు తెలుసు. దాన్ని ఆడించే యంత్రం తయారీయే ఆగిపోయి ఎన్నో ఏళ్లయిందనీ తెలుసు.

నా వయసు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, మనం క్యాసెట్లు చూశాం, వాటి తర్వాత సీడీలు చూశాం, ఆ పైన డీవీడీలు చూశాం, ఇక ఇంతకంటే ఏముంటుందిలే అనుకుంటున్న రోజుల్లో, అంటే రెండువేల ఆరు, ఏడు ప్రాంతంలో, మనిషి నుదుటి మీది చెమట చుక్క కూడా కనబడే కొత్త డిస్కులు వచ్చాయి. రావడమే రెండు రకాలుగా వచ్చాయి. ఒకటి బ్లూరే, అది నీలం డబ్బాల్లో వచ్చేది. రెండోది హెచ్‌డీ డీవీడీ, దానివి ఎర్ర డబ్బాలు. పైకి చూస్తే రెండు డిస్కులూ ఒక్కలాగే ఉండేవి గానీ ఒకదాని యంత్రంలో రెండోది పెడితే బొమ్మ పడేది కాదు. టీవీలు తయారుచేసే కంపెనీలు చాలామటుకు నీలం వైపు చేరాయి. డీవీడీని పుట్టించిన సంఘం ఆశీర్వాదం ఎరుపుకు దక్కింది. హాలీవుడ్ సినిమా కంపెనీలు కొన్ని ఇటు, కొన్ని అటు నిలబడితే, తెలివైనవి ఒకటో రెండో మాత్రం రెండు పడవల్లోనూ కాళ్లు పెట్టాయి.

అప్పుడు నాకు ప్రొద్దుటూరులో ఒక వీడియో షాపు ఉండేది, సినిమా డిస్కులు అద్దెకిస్తూ ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు తీసేవాణ్ని. అమెరికాలోనూ జపాన్‌లోనూ జరుగుతున్న ఈ పోటీతో నాకేం పని అని మీరు అడగవచ్చు. మావి కొత్త మనిషి బస్సు దిగితే పేరు కంటే ముందు ఎవరి మనిషివని అడిగే ఊళ్లు. రెండు వర్గాలు కనబడ్డాక ఏదో ఒక వైపు నిలబడకుండా ఉండటం మాకు చేతకాదు, నిలబడ్డాక దిగిరావడం అంతకంటే చేతకాదు. నేను ఎరుపు వైపు నిలబడ్డాను. డీవీడీ పేరు నిలబెట్టే వారసుడు అదే కదా, పెద్దాయన కొడుకు ఉండగా పక్కింటి వాణ్ని ఎన్నుకుంటామా అన్నది నా వాదం. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి ఏ సినిమా కంపెనీ ఎటు చేరిందో చూసుకొచ్చి, షాపు పక్కనున్న టీ అంగడిలో ఎన్నికల ఫలితాలు చెప్పినట్టు చెప్పేవాణ్ని.

నా చిన్ననాటి స్నేహితుడొకడు, ముస్లిముల అబ్బాయి, కువైట్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల షోరూములో పనిచేసేవాడు. సెలవుకు వచ్చేటప్పుడు ఎర్ర డిస్కులు ఆడించే యంత్రం ఒకటి, వాటి మీద రాయగల ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చిపెట్టమని వాడికి చెప్పాను. తెచ్చాడు గానీ నస పెట్టకుండా ఇవ్వలేదు.

"మా షోరూములో నీలం డబ్బాలు ముందరికి తెచ్చి పెడ్తాండారు మామా, ఎర్రవి మూలకు తోస్తాండారు. ఎందుకైనా మంచిది, ఆలోచించుకో."

"గెలిచే పార్టీలో ఎవుడైనా చేరతాడు భాయ్" అన్నాను నేను.

"పార్టీ ఏంది మామా, డబ్బా అది! బొమ్మ పడితే సాలు గదా" అని వాడు తల బాదుకున్నాడు. టీ అంగడి అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ లోపల ఇంకాస్త బిగుసుకున్నాను.

మా పెళ్లి వీడియోల పనిలో బయటి ప్రాంతాల వాళ్లకు తెలియని పద్ధతి ఒకటి ఉండేది. పెళ్లి డిస్కు ఆ ఇంట్లోనే ఉండిపోదు, చుట్టాల ఇళ్లన్నీ తిరుగుతుంది. ఫలానా వాడు ఎదుటి వర్గం వాడి పక్కన కూర్చుని తిన్నాడని ఎవరైనా చూస్తే మర్నాడు వాడు తన నాయకుడి ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని రెండు వర్గాల బంధువులూ ఉన్న పెళ్లికి మేం రెండు రకాలుగా డిస్కులు చేసేవాళ్లం. ఒక దాంట్లో ఈ వైపు నాయకుడు అక్షింతలు వేస్తాడు, రెండో దాంట్లో ఆ వైపు నాయకుడు వేస్తాడు. ఇద్దరూ ఒకే బొమ్మలో పడితే, బొమ్మను పెద్దది చేసి ఒక పక్క కోసేసేవాణ్ని. వధూవరులను తప్ప ఎవరినైనా విడదీయగలనని గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా.

మా బావది పులివెందుల వైపు, సింహాద్రిపురం దగ్గర పల్లె. బత్తాయిలు కాసే చీనీతోట, నాలుగు గేదెలు, నోటి నిండా ఎకసక్కెం, ఇదీ ఆయన. ఆయన తమ్ముడు పెళ్లయ్యాక జమ్మలమడుగులో అత్తగారింటికి చేరి, వాళ్లు ఏ వర్గమైతే ఆ వర్గమే అయ్యాడు. అది బావ వర్గానికి ఎదుటిది. అన్నదమ్ములకు గట్టు తగాదా లేదు, మాటామాటా అనుకున్నదీ లేదు, ఎటు నిలబడ్డారన్నదే వాళ్ల తగాదా, దాంతోనే ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. పెద్దపాపకు జమ్మలమడుగు సంబంధం కుదిరినప్పుడు బావ తమ్ముణ్ని పిలవలేదు. అక్క మాత్రం ఎవరికీ చెప్పకుండా కుంకుమ భరిణె పట్టుకుని మరిది గడప తొక్కి వచ్చింది. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతను ఇంకా లాగులు తొడుక్కునే పిల్లవాడట, ఆమె చేతిముద్దలు తిని పెరిగాడట.

పెళ్లినాడు చివరి బంతిలో బావ ఆకు ముందు కూర్చున్నాడు. వడ్డించే వాళ్లలోంచి ఒక మనిషి ఓళిగల, అదే బొబ్బట్ల, పళ్లెం పట్టుకుని ఆయన ముందు వంగితే, ఎవరా అని కెమెరా అటు తిప్పాను. తమ్ముడు! ఓళిగ ఒకటి అన్న ఆకులో వేసి, పళ్లెం ఇంకొకరికి అందించి, పక్కనున్న ఖాళీ ఆకు ముందు కూర్చున్నాడు. బంతిలో వాళ్లంతా తినడం ఆపి అటే చూశారు. బావ తల ఎత్తలేదు, ఓళిగ తుంచుకుంటూ, "ఇంగొకటి ఎయ్యిరా, దుడ్లు నావే గదా" అన్నాడు. తమ్ముడు నవ్వాడు, ఆయనా నవ్వాడు, ఇద్దరూ తిన్నారు.

మర్నాడు బావ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఈ తూరి కోసేది గీసేది ఏం పెట్టుకోవద్దప్పా. ఇద్దురం ఉండేది ఒకటి తియ్యి. శానా బాగుండల్ల." ఆ మాటకు పొంగిపోయి, ఇంత గొప్ప దృశ్యానికి మామూలు డిస్కు ఏమిటని, మొత్తం బంతినంతా ఎర్ర డిస్కు మీదకు ఎక్కించాను. ఊళ్లో తిరగడానికి మాత్రం, అలవాటో భయమో, ఎప్పటిలాగే రెండు మామూలు డీవీడీలు చేశాను. ఒక దాంట్లో తమ్ముడు లేడు, రెండో దాంట్లో అన్న లేడు. అన్న వైపు డిస్కుకు బొమ్మ కోసేటప్పుడు, ఓళిగ వేస్తున్న తమ్ముడి చెయ్యి ఒకటి ఎంత సర్దినా అంచులో మిగిలిపోయేది. ఇంకాస్త కోస్తే బావ ముఖం సగం పోతుంది. విసుగొచ్చి అలాగే వదిలేశాను. ఆ తర్వాత, ఒకే టేపు మీద మళ్లీ మళ్లీ తీసే మా అలవాటు కొద్దీ, ఈ పెళ్లి తీసిన టేపు మీద ఇంకెవరిదో పెళ్లి తీసేశాను.

బావ ఒకనాడు షాపుకు వచ్చి నా యంత్రంలో ఆ బంతిని చూశాడు. తెర దగ్గరికి జరిగి కూర్చుని తమ్ముడి ముఖమే చూశాడు. చూసి, "మా ఇంట్లో మిషన్లో ఆడేటిది ఇయ్యప్పా. వాన్ని పిలిచి ఇద్దురం చూస్తాం" అన్నాడు. ల్యాప్‌టాప్ ఉంది, ఒక పూట పని. కానీ షాపులో నలుగురు ఉన్నారు, వాళ్ల ముందే నేను ఎర్ర డిస్కు గెలుస్తుందని సవాళ్లు చేసి ఉన్నాను. సొంత బావకే మామూలు డిస్కు ఇస్తే నేనే పార్టీ ఫిరాయించినట్టు అనిపించింది. కొన్నాళ్లు ఓర్చుకో బావా, ఇంటింటికీ ఇదే మిషన్ వస్తుంది అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, "సరేలే, నీ మాటే కానీ" అని చీనీకాయల సంచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వచ్చే ఏడు మొదట్లో, రెండు వైపులా కాళ్లు పెట్టుకున్న అతిపెద్ద సినిమా కంపెనీ ఎరుపును వదిలేసి నీలంలో చేరిపోయింది. ఇంకేముంది, పెద్ద తలకాయ కదిలాక మిగతా వాళ్లు ఆగుతారా, వారాల్లోనే ఎరుపును పుట్టించిన కంపెనీయే దుకాణం కట్టేస్తున్నామని చెప్పేసింది. "మామా, మీ పార్టీ ఆఫీసుకు తాళమేసినారు" అని స్నేహితుడు కువైట్ నుంచి ఫోనులో నవ్వాడు. నేను ఆ సినిమా కంపెనీని ద్రోహి అని తిట్టాను. ఓడిన మనిషిని వదిలి రాకూడదన్న మా పౌరుషం ఒకటి ఉందే, అది ఒక ప్లాస్టిక్ డబ్బా మీద చూపించి, ఆ ఎర్ర డబ్బాను షాపు ముందు అద్దంలో ఇంకా నాలుగు రోజులు ఎక్కువే పెట్టాను.

ఇంతలో ఎన్నికల వేడి వచ్చింది. నాయకులు లెక్క తీసుకునే కాలం కనుక అన్నదమ్ములు మళ్లీ ఎవరి వైపుకు వాళ్లు జరిగారు. బావ ఫోనులో ఇంకొకసారి అడిగాడు, ఇస్తాలే బావా అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, ఎన్నిసార్లు మరిచిపోయానో. ముందు ల్యాప్‌టాప్ పాడైంది, తర్వాత యంత్రం డిస్కును చదవడం మానేసింది. ఆ పైన ఒక పొద్దున బావ చీనీతోటలో పాదు చేస్తూ ఒరిగిపోయాడు. గుండె అన్నారు. తమ్ముడు వచ్చాడు గానీ వాకిట్లోకి రాలేదు, రోడ్డు మీదే జీపు పక్కన నిలబడి, శవం లేచేదాకా ఉండి వెళ్లిపోయాడు. ఇద్దరూ కలిసి ఆ బంతిని ఒక్కసారి చూసి ఉంటే అతను వాకిట్లోకి వచ్చేవాడేమోనని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

అక్క ఫోను పెట్టేశాక ఆ స్నేహితుడి దగ్గరికే పరుగెత్తాను. వాడిప్పుడు ప్రొద్దుటూరులోనే స్థిరపడ్డాడు. పాపం, తెలిసిన వాళ్లందరికీ చెప్పి, కువైట్‌లో ఎవరి ఇంట్లోనో మిగిలిన పాత యంత్రమొకటి తెప్పించాడు. నా దగ్గరున్న ఎర్ర డబ్బా సినిమా ఒకటి పెడితే చక్కగా ఆడింది. మా డిస్కు పెడితే గిరగిరా తిరిగి ఆగిపోయింది. ఇన్నేళ్లు కడప ఎండలకు అటక మీద వేగింది కదా, దాని మీద రాసింది చెరిగిపోయింది. వాడు డిస్కు తీసి, తుడిచి నా చేతికిచ్చాడు. అంటాడనుకున్న మాటలన్నీ నేనే అనుకున్నాను.

నా దగ్గర మిగిలిన మామూలు డీవీడీలు రెండూ పట్టుకుని అక్కతో కలిసి జమ్మలమడుగు వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, బావ అడిగిన డిస్కు ఇవ్వకపోవడం, టేపు మీద వేరే పెళ్లి తీయడం, అన్నీ చెప్పుకున్నాను. అతను కళ్లు మూసుకుని విని, "ఉండేదన్నా పెట్టప్పా" అన్నాడు. ముందు అతని డిస్కు పెట్టాను. తెర మీద అతనొక్కడే తింటున్నాడు, పక్కకు చూసి నవ్వుతున్నాడు, ఆ పక్కన ఎవరూ లేరు. అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

రెండోది పెట్టాను. బావ తల వంచుకుని కూర్చున్నాడు. అంచులోంచి ఒక చెయ్యి వచ్చి ఆకులో ఓళిగ వేసింది.

"ఆపు, ఆడ ఆపు" అంది అక్క. లేచి తెర దగ్గరికి వెళ్లింది. ఆ చేతి చూపుడువేలు వంకరగా ఉంది. "జొన్నకోతలో కొడవలికి తెగిన ఏలు ఇది. పసుపద్ది కట్టు కట్టింది నేనే. ఇట్ల తిరుగు, చూడు."

అతను తిరిగి చూశాడు. దుప్పట్లోంచి చెయ్యి తీసి తన వేలు చూసుకున్నాడు, మళ్లీ తెర చూశాడు. "ఇంగొకటి ఎయ్యమన్యాడు వదినా. దుడ్లు నావే అన్యాడు" అని నవ్వడం మొదలుపెట్టి నవ్వలేకపోయాడు. తర్వాత నాతో, మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. మళ్లీ అన్నాడు. పొద్దు వాలేదాకా ఆ ఒక్క ముక్కే పెడుతూ కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఆ డిస్కును అక్క అక్కడే వదిలేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలా అనుకున్నాను. గెలిచిన నీలం డబ్బాలు కూడా ఇప్పుడు మా ఊళ్లో కనబడవు. పెళ్లి బొమ్మలన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి, ఏ కంపెనీ ఎటు నిలబడిందో అడిగేవాడే లేడు. నాయకులూ అంతే, పొద్దున ఒక కండువా, సాయంత్రానికి ఇంకొకటి, ఒకే పెళ్లిలో నవ్వుకుంటూ ఫొటోలు దిగుతున్నారు. వాళ్ల కోసం ఇళ్లు విడదీసుకున్న మావంటి వాళ్లమే, ఎటూ కదలకుండా ఉండిపోయి ముసలివాళ్లమయ్యాం. నా షాపు ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. బస్సు దాని ముందునుంచే వచ్చింది. ఎవరినైనా విడదీయగలనని ఆ గడప మీద కూర్చుని గొప్పలు చెప్పుకున్న నాకు, ఆ ఒక్క చెయ్యి కోయడం చేతకాకపోయినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.